యూజర్‌నేమ్ ఇస్తే ఇన్‌స్టా చాట్‌లు చూపిస్తామనే యాప్‌లు నిజమేనా? డబ్బు కట్టేశాను, ఇప్పుడేం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చెల్లెలు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి బీటెక్ చదువుతోంది, ఈమధ్య ఇంటికి ఫోన్ చేయడం తగ్గించింది, ఎవరితోనో చాటింగ్‌లో ఉంటోందని మీ అనుమానం. టెలిగ్రామ్‌లో ఒక ఛానెల్ వాళ్లు ఆమె ఇన్‌స్టాగ్రామ్ యూజర్‌నేమ్ ఇస్తే చాలు, మెసేజ్‌లన్నీ చూపిస్తామన్నారు. రూ.499 కట్టారు. ఇప్పుడు అన్‌లాక్ ఫీజు పేరుతో ఇంకో రూ.2,499 అడుగుతున్నారు, ఒక ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) పంపి ఇన్‌స్టాల్ చేసుకోమంటున్నారు. కట్టాలా, అది పనిచేస్తుందా, చెల్లెలికి తెలిసిపోతుందా అని మీ ప్రశ్న.

కట్టకండి. ఆ ఫైల్ ముట్టుకోకండి. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఆ ఫోన్లో డేటా, వైఫై రెండూ ఆపేసి, మిగతాది వేరే ఫోన్లో చదవండి. యూజర్‌నేమ్ మాత్రమే తీసుకుని ఇంకొకరి అకౌంట్ తెరిచి చూపించే యాప్ అనేది లేదు. చెల్లెలికి తెలుస్తుందా అంటే, తెలియడానికి ఆమె అకౌంట్ వైపు ఎవడూ వెళ్లనే లేదు. వాళ్ల పని అంతా మీతోనే.

నేను మొదట్లో విజయవాడలో మొబైల్ సర్వీస్ షాపు నడిపాను, తర్వాత ఒక కంపెనీలో సైబర్ సెక్యూరిటీ పనిలో చేరాను. తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఇలాంటి గొడవల్లో ఇరుక్కున్న ఫోన్లు పట్టుకుని ఇప్పటికీ వస్తూనే ఉంటారు. అందరూ మొదట చెప్పేది ఒకటే, "మా ఫ్రెండ్ ఒకడు అడగమన్నాడండీ" అని. ఆ ఫ్రెండ్ ఎవరో నేను అడగను.

సరే, ఎందుకు కుదరదో చెప్తాను, లేకపోతే ఇది కాకపోతే ఇంకో యాప్ పనిచేస్తుందేమో అని వెతుకుతూనే ఉంటారు. మీ చెల్లెలి మెసేజ్‌లు ఇన్‌స్టాని నడిపే మెటా కంపెనీ సర్వర్లలో ఉంటాయి. వాటిని చూడాలంటే ఆ సర్వర్‌కి నేను ఆమెనే అని రుజువు చూపించాలి. అంటే పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి, లేదా ఆమె ఇప్పటికే లాగిన్ అయి ఉన్న ఫోన్ చేతిలో ఉండాలి, లేదా ఆమె నంబర్‌కో మెయిల్‌కో వచ్చే కోడ్ దొరకాలి. యూజర్‌నేమ్ అనేది గుమ్మం పక్కన తగిలించిన నేమ్‌ప్లేట్ లాంటిది, వీధిలో పోయేవాళ్లందరూ చదవొచ్చు, చదివినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. వాట్సాప్ అయితే మరీ కష్టం, 2016 నుంచి మెసేజ్‌లు పంపినవాళ్ల ఫోన్లో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఎవరికీ అర్థం కాని కోడ్‌గా మారి, అందుకున్నవాళ్ల ఫోన్లోనే మళ్లీ మామూలు మాటలవుతాయి, మధ్యలో కంపెనీ సర్వర్లో కూర్చున్నవాడికి కూడా అందులో ఏముందో కనపడదు.

మరి ఇన్‌స్టాలో లోపాలు ఉండవా అంటే ఉంటాయి. 2019లో చెన్నైకి చెందిన లక్ష్మణ్ ముత్తయ్య అనే రీసెర్చర్ ఒకటి పట్టుకున్నాడు. పాస్‌వర్డ్ మర్చిపోయాం అంటే ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది కదా, అది పది నిమిషాలు పనిచేస్తుంది. ఆరంకెలు అంటే మొత్తం పది లక్షల కోడ్‌లు. ఒకే చోటు నుంచి వరసగా కొడుతూ పోతే ఇన్‌స్టా ఆపేస్తుంది, కానీ వెయ్యి వేర్వేరు ఐపీ అడ్రస్‌ల (ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌కి ఉండే నంబర్) నుంచి ఒకేసారి పంపితే ఆగడం లేదని చూశాడు, అలా రెండు లక్షల రిక్వెస్ట్‌లు పంపి చూపించాడు. ఫేస్‌బుక్ (మెటాకి అప్పటి పేరు) వెంటనే ఆ లోపం పూడ్చి అతనికి 30,000 డాలర్లు ఇచ్చింది, అప్పటి రేటు ప్రకారం ఇరవై లక్షల పైమాటే. అంతకు మూడేళ్ల ముందు బెంగళూరులో ఆనంద్ ప్రకాష్ ఫేస్‌బుక్‌లో దాదాపు ఇలాంటిదే పట్టుకుంటే 15,000 డాలర్లు ఇచ్చారు. ఇప్పుడు ఆలోచించండి. నిజంగా ఇన్‌స్టా తెరిచే దారి తెలిసినవాడికి కంపెనీయే చట్టబద్ధంగా లక్షలు ఇస్తుంది. వాడు టెలిగ్రామ్‌లో కూర్చుని మీ దగ్గర 499 ఎందుకు అడుక్కుంటాడు?

డబ్బు తీసుకుని అకౌంట్లు హ్యాక్ చేసే ముఠాలు లేవా అంటే, ఉన్నాయి. టొరంటో యూనివర్సిటీలోని సిటిజెన్ ల్యాబ్ వాళ్లు 2020లో దిల్లీలోని బెల్‌ట్రాక్స్ అనే చిన్న కంపెనీ మీద పెద్ద రిపోర్ట్ ఇచ్చారు, ప్రపంచమంతా వేల మందిని టార్గెట్ చేశారని. అంత పెద్ద ఆపరేషన్‌లో కూడా వాడిన ఆయుధం ఏమిటో తెలుసా, నకిలీ లాగిన్ పేజీలు. అవతలి మనిషిని నమ్మించి వాళ్ల చేతే పాస్‌వర్డ్ కొట్టించుకోవడం. వాళ్ల దగ్గరే మంత్రదండం లేనప్పుడు, డిస్‌ప్లే పిక్చర్‌లో ముసుగేసుకున్న హ్యాకర్ బొమ్మ పెట్టుకున్న ఛానెల్ వాడి దగ్గర ఉంటుందా.

ఇక మీతో వాళ్లు ఆడుతున్న ఆట. ఇది చాలాసార్లు చూశాను కాబట్టి మీరు చెప్పకుండానే సగం చెప్పగలను. యూజర్‌నేమ్ కొట్టగానే ఆమె ప్రొఫైల్ ఫొటో, ఫాలోవర్ల సంఖ్య వచ్చి ఉంటాయి, మీకు నమ్మకం కుదిరి ఉంటుంది. అవి ఇన్‌స్టాలో ఎవరికైనా కనిపించేవే. తర్వాత "సర్వర్‌కి కనెక్ట్ అవుతోంది, డిక్రిప్ట్ అవుతోంది" అంటూ ఒక గీత మెల్లగా నిండుతుంది, చివర్లో మసకగా చాట్ స్క్రీన్ ఒకటి కనిపిస్తుంది. ఆ మసక బొమ్మ అందరికీ ఒకటే. నమ్మకపోతే లేని యూజర్‌నేమ్ ఒకటి మీ ఇష్టమొచ్చినట్టు కొట్టి చూడండి, చాలా సైట్లు దానికి కూడా "237 మెసేజ్‌లు దొరికాయి" అంటాయి. షాపులో ఉన్నప్పుడు ఒకాయన వాదన ఆపకపోతే ఆయన ముందే అర్థం లేని అక్షరాలు కొట్టి చూపించాను. లేని మనిషికి కూడా రహస్య ఫొటోలు దొరికాయి.

మొదటి ఫీజు ఎప్పుడూ చిన్నదే, పోతే పోయింది అనుకునేంత. తర్వాత అన్‌లాక్ ఫీజు, ఆ తర్వాత జీఎస్టీ, ఆ తర్వాత సర్వర్ ఛార్జి, చివరికి "మీ డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం, రిఫండ్ డిపాజిట్ కట్టండి". ఎక్కడైనా ఆగితే అప్పుడు అసలు రంగు బయటపడుతుంది. "నువ్వు మీ చెల్లి అకౌంట్ హ్యాక్ చేయమని అడిగిన చాట్ మా దగ్గర ఉంది, ఆమెకే పంపిస్తాం, సైబర్ క్రైమ్‌కి పంపిస్తాం" అని మెసేజ్ వస్తుంది. ఈ వ్యాపారం నడిచేది టెక్నాలజీ మీద కాదు, మీ సిగ్గు మీద. బ్యాంక్ పేరుతో మోసపోయినవాడు అరుస్తాడు, పోలీసుల దగ్గరికి వెళ్తాడు. చెల్లెలి చాట్ చూడబోయి మోసపోయినవాడు ఎవరికి చెప్పుకుంటాడు? భార్య ఫోన్ చూడాలనుకున్నవాడు ఎవరికి చెప్పుకుంటాడు? గుంటూరులో బట్టల షాపు నడిపే ఒకాయన ఇలాగే, భార్య మీద అనుమానంతో మొదలుపెట్టి, బెదిరింపు మొదలయ్యాక నెలల తరబడి కడుతూ పోయాడు. నా దగ్గరికి వచ్చేసరికి షాపు సరుకు కోసం తెచ్చిన అప్పు కూడా అందులోనే పోసేశాడు. అనుమానం సంగతి అప్పటికే మర్చిపోయాడు పాపం.

కొందరు ఫీజు అడగరు, "రిజల్ట్ చూడాలంటే మీ ఇన్‌స్టాతో లాగిన్ అవ్వండి" అంటారు. అక్కడ కొట్టిన పాస్‌వర్డ్ నేరుగా వాళ్లకే. మీ ప్రొఫైల్ ఎవరెవరు చూశారో చెప్తామనే యాప్‌లు కూడా ఇదే జాతి, ఇన్‌స్టా ఆ వివరం ఏ యాప్‌కీ ఇవ్వదు. ఇంట్లోనే చీరల రీసెల్లింగ్ చేసుకునే ఒకావిడ అలాంటి యాప్‌లో లాగిన్ అయింది. తెల్లారేసరికి పాస్‌వర్డ్, మెయిల్, ఫోన్ నంబర్ మూడూ మారిపోయాయి, ఆమె పేజీ నుంచి కస్టమర్లకు క్రిప్టో పెట్టుబడి మెసేజ్‌లు పోయాయి. ఏళ్లు కష్టపడి సంపాదించుకున్న కస్టమర్లు. పేజీ తిరిగి వచ్చింది కానీ సగం మంది అప్పటికే బ్లాక్ చేసేశారు.

ఇప్పుడు ఆ ఏపీకే గురించి, అసలు ప్రమాదం ఇదే. మన దగ్గర ట్రాఫిక్ చలాన్ పేరుతో, పీఎం కిసాన్ పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకేల గురించి వినే ఉంటారు. ఇదీ అదే సరుకు, పేరు మార్చారంతే. ఇన్‌స్టాల్ కాగానే ఎస్సెమ్మెస్ పర్మిషన్, నోటిఫికేషన్ల పర్మిషన్, అన్నిటికంటే ముఖ్యంగా యాక్సెసబిలిటీ అడుగుతుంది. ఈ యాక్సెసబిలిటీ అనేది చూపు సరిగా లేనివాళ్లకు స్క్రీన్ మీద ఉన్నది చదివి వినిపించడానికి ఆండ్రాయిడ్‌లో పెట్టిన సదుపాయం. అది ఇచ్చారంటే ఆ యాప్ మీ స్క్రీన్ మీద ఉన్న ప్రతి అక్షరం చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. ఓటీపీ వస్తే మీకంటే ముందు అదే చూస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి, బయటి నుంచి తెచ్చిన యాప్‌లకు ఈ పర్మిషన్ సులువుగా ఇవ్వనివ్వకుండా గూగుల్ అడ్డం పెట్టింది. అందుకే వాళ్లు "సెట్టింగ్స్‌లో ఇక్కడ నొక్కండి, తర్వాత ఇక్కడ నొక్కండి, ప్లే ప్రొటెక్ట్ ఆపేయండి" అని వీడియో కూడా పంపిస్తారు. ప్లే ప్రొటెక్ట్ అంటే ఫోన్లో చెడ్డ యాప్‌లను పట్టుకునే గూగుల్ కాపలా, దాన్ని ఆపమని ఎవరు చెప్పినా, అది మీ ఫోన్ దోచుకోవడానికే.

నిజంగా పనిచేసే నిఘా యాప్‌లు లేవా అని అడుగుతారు, తెలుసు. ఉన్నాయి. అబద్ధం చెప్పను. కానీ అవి దూరం నుంచి పనిచేయవు, అవతలివాళ్ల ఫోన్ లాక్ తీసి కొన్ని నిమిషాలు చేతిలో ఉండాలి, పైన చెప్పిన పర్మిషన్లన్నీ ఇచ్చి, ఐకాన్ కనపడకుండా దాచాలి. అప్పుడు ఆ ఫోన్లోని మెసేజ్‌లు, ఫొటోలు, లొకేషన్ అన్నీ ఆ కంపెనీ సర్వర్‌కి పోతాయి, మీరు అక్కడ డబ్బు కట్టి చూసుకుంటారు. ఇక్కడ ఎవరూ ఆలోచించని సంగతి ఒకటుంది. ఆ సర్వర్ ఎవరిది?

ఈ కంపెనీల చరిత్ర ఒకసారి చూడండి. ఎమ్‌స్పై అనేది వీటిలో బాగా పేరున్నది, దాని డేటా 2015లో బయటపడింది, 2018లో బయటపడింది, 2024లో మళ్లీ పడింది, ఈసారి కస్టమర్లు సపోర్ట్‌కి రాసుకున్న ఉత్తరాలు కూడా, అంటే ఎవరు ఎవరి మీద నిఘా పెట్టాలనుకున్నారో వాళ్ల మెయిల్ ఐడీతో సహా. పోలండ్‌కి చెందిన లెట్‌మీస్పైని 2023లో హ్యాక్ చేసి మొత్తం తుడిచేస్తే అది మూతపడింది. పీసీటాటిల్‌టేల్ అని ఇంకోటి 2024లో అదే దారి పట్టింది, అంతకు కొద్ది రోజుల ముందే అమెరికాలో కొన్ని హోటళ్ల చెక్-ఇన్ కంప్యూటర్ల స్క్రీన్‌షాట్లు దాని ద్వారా బయటికి కారుతున్నాయని తేలింది. 2025లో క్యాట్‌వాచ్‌ఫుల్ వంతు, 62 వేల మంది కస్టమర్ల మెయిల్, పాస్‌వర్డ్‌లు, 26 వేల ఫోన్ల డేటా బయటపడ్డాయి. ఆ ఫోన్లు ఎక్కువగా ఉన్న దేశాల్లో మనదీ ఒకటి. మీరు అన్నయ్యగా చెల్లెల్ని కాపాడదామనుకుంటున్నారు, బాగానే ఉంది, కానీ చేసేది ఏమిటంటే హాస్టల్ రూమ్‌లో ఉండే అమ్మాయి ఫొటోలన్నీ ఎక్కడో ముక్కూమొహం తెలియనివాడి సర్వర్లో పెట్టడం. అది ఏదో ఒకరోజు లీకైతే ఆమె జీవితమంతా దాన్ని మోయాలి.

ఇంకొకటి, మన ఇళ్లల్లో ఫోన్ ఒక్కరిదే అయి ఉండదు. కొడుకు గేమ్‌ల పిచ్చి చూద్దామని ఒక తండ్రి ఇలాంటి యాప్ వేయించాడు, ఆ ఫోన్లోనే ఇంట్లో ఆవిడ ఫోన్‌పే వాడుతుంది, డ్వాక్రా గ్రూపు లెక్కలు కూడా అందులోనే. ఆవిడ యూపీఐ పిన్ కొట్టినప్పుడల్లా ఆ యాప్ పక్కనే కూర్చుని ఉంది. తీసేయమని చెప్తే, "ఏడాదికి కట్టేశానండీ" అన్నాడు!

చట్టం సంగతి. నేను లాయర్ని కాదు, తెలిసినంత చెప్తాను. ఇంకొకరి అకౌంట్‌లోకి అనుమతి లేకుండా వెళ్లడం ఐటీ చట్టం 66వ సెక్షన్ కిందికి వస్తుంది, మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. వాళ్ల పాస్‌వర్డ్ వాడితే 66సీ. దీనికి తోడు, ఒక స్త్రీ ఇంటర్నెట్‌లో, మెయిల్‌లో ఏం చేస్తోందో మగవాడు నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం స్టాకింగ్, మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు. అన్నయ్య అయితే ఫర్వాలేదని అందులో రాసి లేదు. భార్యాభర్తల కేసుల్లో సాక్ష్యంగా పనికొస్తుంది కదా అని కొందరు వాదిస్తారు, 2025లో సుప్రీంకోర్టు భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డ్ చేసిన సంభాషణను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పిన మాట నిజమే. కానీ అది తమ ఇద్దరి మధ్య జరిగిన మాటల గురించి. భార్య ఇతరులతో మాట్లాడిన ఫోన్లను భర్త రికార్డ్ చేసిన కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2007లోనే అది ఆమె ప్రైవసీకి భంగం అని, చట్టవిరుద్ధం అని చెప్పింది. ఈ రెండూ కలిపేసి ధైర్యం తెచ్చుకోకండి.

చెల్లెలి విషయం మీ ఇంటి విషయం, ఎక్కువ మాట్లాడను. ఒక్కటి మాత్రం అనుభవం మీద చెప్తాను. ఫోన్లు తగ్గించిన పిల్ల ప్రేమలోనే ఉండాలని లేదు, సబ్జెక్టులు తప్పి ఉండొచ్చు, ఎవడైనా ఫొటోలు పట్టుకుని వేధిస్తూ ఉండొచ్చు. రెండోదే అయితే, అన్నయ్య నా ఫోన్ మీద కన్నేశాడని తెలిసిన క్షణం నుంచి ఆమె అందరికంటే ఎక్కువ దాచేది మీ దగ్గరే. బస్సెక్కి ఒకసారి వెళ్లి ఏదైనా టిఫిన్ సెంటర్‌లో కూర్చోబెట్టి మాట్లాడండి. వేధింపు ఉంటే హైదరాబాద్‌లో షీ టీమ్స్ (ఆడవాళ్ల మీద వేధింపులు చూసే పోలీసు బృందాలు) ఉన్నాయి, వివరాలు బయటికి రానివ్వరు. ఆమె పెద్దపిల్ల కాబట్టి ఇంతే. ఇది చదివే తల్లిదండ్రుల్లో పద్దెనిమిది నిండని పిల్లలున్నవాళ్లకు ఇన్‌స్టాలోనే టీన్ అకౌంట్‌కి పేరెంట్ సూపర్‌విజన్ ఉంది, ఈ టీన్ అకౌంట్లు మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి వచ్చాయి. గత ఏడు రోజుల్లో పిల్లలు ఎవరికి మెసేజ్ చేశారో కనిపిస్తుంది, ఏం రాశారో కనిపించదు. పిల్లలకు తెలిసే జరుగుతుంది, ఉచితం.

ఇక మీరు ఇప్పుడు చేయాల్సినవి. టెలిగ్రామ్ చాట్ మొత్తం, ఛానెల్ పేరు, డబ్బు పంపిన యూపీఐ ఐడీ, యూటీఆర్ నంబర్ (ఆ పేమెంట్‌కి బ్యాంక్ ఇచ్చే నంబర్) స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, కంగారులో చాట్ డిలీట్ చేయకండి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు చెప్పండి, కథ అల్లితే మీకే ఇబ్బంది. టెన్షన్‌గా ఉంటే ముందు ఒక లాయర్‌తో మాట్లాడి వెళ్లండి. బెదిరింపులు వస్తే జవాబు ఇవ్వకండి, ఒక్క రూపాయి కట్టినా వీడు కట్టే మనిషి అని రాసుకుంటారు. పోలీసులమంటూ వీడియో కాల్ వస్తే కట్ చేయండి, డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. "నా డబ్బు ఫలానా హ్యాకర్ వెనక్కి ఇప్పించాడు, అతన్ని కలవండి" అని మీకు మెసేజ్ పెట్టేవాళ్లు కూడా ఈపాటికి వచ్చే ఉంటారు, వాళ్లు ఆ ముఠా రెండో షిఫ్టు.

ఏపీకే ఇన్‌స్టాల్ చేసి ఉంటే మాత్రం పని కొంచెం ఎక్కువ. ముందు సిమ్ తీసి వేరే ఫోన్లో వేయండి, అప్పుడు ఓటీపీలు ఆ యాప్‌కి చిక్కవు. ఆ వేరే ఫోన్ నుంచే బ్యాంక్‌కి ఫోన్ చేసి యూపీఐ, నెట్‌బ్యాంకింగ్ ఆపించండి. జీమెయిల్ పాస్‌వర్డ్ మొదట, ఇన్‌స్టా తర్వాత మార్చండి, ఎందుకంటే మెయిల్ వాళ్ల చేతిలో ఉంటే మిగతావన్నీ మళ్లీ తిప్పుకుంటారు. ఇన్‌స్టాలో ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉన్నారో చూసి తెలియనివి తీసేయండి, టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే లాక్) పెట్టుకోండి. వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్ తెరిచి మీది కానిది ఏదైనా ఉంటే లాగౌట్ చేయండి. ఆ యాప్ అన్‌ఇన్‌స్టాల్ కాకుండా మొండికేస్తే, యాక్సెసబిలిటీలోనూ డివైస్ అడ్మిన్‌లోనూ దాని పర్మిషన్ తీసేసి, అప్పటికీ పోకపోతే ఫోన్ సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయకుండా ఫోన్ ఆన్ అయ్యే పద్ధతి) ఆన్ చేసి తీయండి. నన్నడిగితే అవన్నీ అయ్యాక కూడా ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే మంచిది. ఫొటోలు, కాంటాక్ట్‌లు మాత్రం ముందే కాపీ చేసుకోండి, యాప్‌లన్నీ ప్లే స్టోర్ నుంచి కొత్తగా వేసుకోండి. ఫోల్డర్లు మొత్తంగా కాపీ చేసేవాళ్లు చాలామంది డౌన్‌లోడ్స్‌తో పాటు ఆ ఏపీకేని కూడా మళ్లీ ఫోన్లోకి తెచ్చుకుంటారు, అది ఒకసారి చూసుకోండి.